సమాధి లేని నావికుడి పేరు ఎక్కడ చెక్కాలి? యుద్ధ స్మారకాల వెనుక ఉన్న నియమాలు

యుద్ధంలో పోయిన నావికుల వివరాల కోసం పాత రికార్డులు వెతికేవారికి తరచూ ఒక చిక్కు ఎదురవుతుంది. ముత్తాత ఫలానా తీరపట్టణంవాడని, యుద్ధకాలంలో ఓడ మీద వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఆ పట్టణంలోని యుద్ధ స్థూపం మీద ఆయన పేరు ఉండదు. ఆయనతో పాటే పెరిగిన పక్క వీధి మనిషి పేరు మాత్రం ఊరి స్థూపం మీద, చర్చి గోడ మీది పలకలో, ఎక్కడో దూరపు రేవులోని మరో స్మారకం మీద కూడా కనిపిస్తుంది. తన ముత్తాతను ఎవరో నిర్లక్ష్యం చేశారని, రాసినవాడు పొరబడ్డాడని మనవలు అనుకోవడం సహజమే. అయితే ఇలా పేరు లేకపోవడానికి చాలాసార్లు కారణం అప్పటి నియమమే. ఆ మనిషి ఎవరి దగ్గర జీతానికి ఉన్నాడు, ఏ తేదీన పోయాడు, దేనివల్ల పోయాడు, దేహం దొరికిందా లేదా అనే నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి అతని పేరు ఏ రాతి మీదికి వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో తేలిపోయింది. సైనికుల విషయంలో ఈ ప్రశ్నలకు జవాబులు చాలావరకు సూటిగా ఉంటాయి. నావికుల దగ్గరికి వచ్చేసరికే ముడులు పడతాయి.

ఊరి స్థూపం వేరు, అధికారిక స్మారకం వేరు

యుద్ధ స్మారకం అనగానే మనం ఒకే రకం కట్టడాన్ని ఊహించుకుంటాం గానీ ఆ పేరుతో పిలిచేవాటిలో రెండు వేర్వేరు రకాలున్నాయి. మొదటిది ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న స్థూపం. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో దాదాపు ప్రతి పట్టణంలోనూ ఇలాంటివి లేచాయి. వీటికి ప్రభుత్వం పెట్టిన నియమావళి ఏదీ లేదు. ఎవరి పేరు చెక్కాలో నిర్ణయించినది స్థానిక కమిటీ. ఒక కమిటీ అక్కడ పుట్టినవారినే లెక్కించింది, మరొకటి యుద్ధానికి వెళ్లేనాటికి అక్కడ కాపురం ఉన్నవారిని కలుపుకుంది, ఇంకొకటి తల్లిదండ్రులో భార్యో వచ్చి పేరు ఇస్తేనే రాసింది. ఒకే మనిషి పేరు మూడు ఊళ్లలో కనిపించడానికీ, యుద్ధకాలంలోనే కుటుంబం వేరే చోటికి తరలిపోయిన నావికుడి పేరు ఎక్కడా కనిపించకపోవడానికీ కారణం ఇదే.

రెండోది అధికారిక స్మారకం. బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోరాడి మరణించినవారి సమాధుల బాధ్యత చూడడానికి 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. అదే 1960 నుంచి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ కలిపి సుమారు 17 లక్షల మంది స్మృతి ఈ సంస్థ సంరక్షణలో ఉంది. దీని మూలసూత్రం చెప్పడానికి చాలా సరళమైనది: మరణించిన ప్రతి ఒక్కరి పేరూ సమాధి రాతి మీదో స్మారకం మీదో శాశ్వతంగా ఉండాలి, హోదా, జాతి, మతం అన్న తేడా చూపకూడదు. ఈ సూత్రం ఆచరణలో ఎంతవరకు నిలబడిందో లస్కర్ల, అంటే బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన భారత ఉపఖండపు నావికుల, సంగతికి వచ్చినప్పుడు చూద్దాం.

ఈ రెండు రకాలనూ కలగాపులగం చేసుకోవడం వల్లే సగం అయోమయం పుడుతోంది. ఊరి స్థూపం మీద పేరు లేనంత మాత్రాన ప్రభుత్వం ఆ మనిషిని గుర్తించలేదని కాదు. అధికారిక జాబితాలో ఉన్నంత మాత్రాన అతని పుట్టినూరికి ఆ సంగతి తెలుసనీ కాదు.

సముద్రమే సమాధి అయినప్పుడు

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఒక కఠినమైన నిర్ణయం తీసుకుంది. విదేశాల్లో మరణించినవారి దేహాలను ఇంటికి తీసుకురాకూడదు, ఎక్కడ పోతే అక్కడే ఖననం చేయాలి. డబ్బున్నవారు కొడుకుల శవపేటికలు తెప్పించుకుంటూ ఉంటే లేనివారు చూస్తూ ఉండిపోవడం అన్యాయమన్న ఆలోచన దీని వెనుక బలంగా పనిచేసింది. అలా సమాధి ఎక్కడో పరాయి గడ్డ మీద ఉండిపోయిన కుటుంబాలకు ఊరి స్థూపమే సమాధికి బదులయింది. నావికుడి కుటుంబానికి ఆ పరాయి గడ్డ కూడా మిగలలేదు.

ఈ లోటు తీర్చడానికి బ్రిటిష్ నౌకాదళమైన రాయల్ నేవీకి చెందిన మూడు రేవుల్లో, అంటే చాతమ్, ప్లిమత్, పోర్ట్స్‌మత్‌లలో ఎత్తైన రాతి స్తంభాలు కట్టారు. వాటి రూపశిల్పి సర్ రాబర్ట్ లోరిమర్. ఈ మూడు రేవులనే ఎందుకు ఎంచుకున్నారన్నది ఇక్కడ ముఖ్యం. అప్పట్లో రాయల్ నేవీ నావికులందరూ సిబ్బంది కేంద్రాలుగా ఉన్న ఈ మూడింటిలో ఏదో ఒకదానికి అనుబంధంగా ఉండేవారు. ఓడకు సిబ్బంది ఏ కేంద్రం నుంచి వచ్చారో, మరణించాక వారి పేరు ఆ కేంద్రంలోని స్తంభం మీదికి వెళ్లేది. పుట్టిన ఊరికి ఇందులో పాత్ర లేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో 1914 సెప్టెంబర్ 22న జరిగిన ఘటనలో చూడవచ్చు. ఆ ఉదయం ఉత్తర సముద్రంలో ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు బ్రిటిష్ క్రూజర్లను ఒకదాని వెంట ఒకటిగా ముంచేసింది. మొదటి ఓడ మునుగుతుంటే మనుషులను కాపాడడానికి మిగిలిన రెండూ దగ్గరకు వచ్చి ఆగాయి, ఆగినవి ఆగినట్టే టార్పెడోలకు బలయ్యాయి. 1,459 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది యుద్ధం రాగానే మామూలు ఉద్యోగాల నుంచి వెనక్కి పిలిపించిన రిజర్వు నావికులు, పెళ్లాం పిల్లలున్న నడివయసు మనుషులు. వారు ఎక్కడెక్కడి ఊళ్లవారైనా ఆ మూడు ఓడలూ చాతమ్ కేంద్రానికి చెందినవి కాబట్టి దేహం దొరకనివారి పేర్లు చాతమ్ స్తంభం మీదికే చేరాయి. మనవలు పుట్టిన ఊళ్లో వెతికితే దొరకకపోవడంలో వింతేముంది?

దేహం దొరికినా దారి ఒకటే కాదు. 1916 మే 31న మొదలైన జట్లాండ్ నౌకాయుద్ధంలో మరణించినవారిలో కొందరి దేహాలు కెరటాలకు కొట్టుకుపోయి స్వీడన్, నార్వే తీరాలకు చేరాయి. స్వీడన్‌లోని గోటెబర్గ్ నగరపు క్విబర్గ్ శ్మశానంలో బ్రిటిష్ నావికులూ జర్మన్ నావికులూ ఒకే ఆవరణలో ఉన్నారు. ఎవరో గుర్తుపట్టలేని దేహమైతే సమాధి రాతి మీద పేరుకు బదులు, ఈ నావికుడెవరో దేవుడికి తెలుసు అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎంపిక చేసినది రచయిత రడ్యార్డ్ కిప్లింగ్, ఆయన కొడుకు కూడా ఆ యుద్ధంలోనే పోయాడు. ఇలాంటి రాతి కింద ఉన్న మనిషి పేరు మరో చోట, ఏ స్తంభం మీదో చెక్కి ఉండే ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే దారం మాత్రం తెగిపోయింది.

పుట్టిన ఊరు, సిబ్బంది కేంద్రం కాక స్మారకానికి మూడో చోటు కూడా ఒకటుంది: ఓడ మునిగిన చోటికి దగ్గరి తీరం. 1971 డిసెంబర్ 9న పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో భారత నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ ఖుక్రీ డయ్యూ తీరానికి దూరంగా మునిగిపోయింది. ఓడను విడిచి వెళ్లడానికి నిరాకరించిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. ఖుక్రీ స్మారకం డయ్యూలో సముద్రానికి ఎదురుగా ఉంది. మరణించినవారు దేశం నలుమూలల నుంచి వచ్చినవారైనా వారిని కడసారి చూసిన తీరం అదే కాబట్టి ఆ చిన్న పట్టణం వారిని తనవారిగా చేసుకుంది.

ఒకే వీధిలో ముగ్గురు: నియమాన్ని అన్వయించి చూస్తే

తేదీ, మరణకారణం అన్న రెండు షరతులు ఎలా పనిచేస్తాయో తెలియాలంటే ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఒక బ్రిటిష్ తీరపట్టణం, ఒకే వీధి, చిన్నప్పటి నుంచి కలిసి పడవలెక్కిన ముగ్గురు. ఒకడు నౌకాదళంలో చేరాడు, రెండోవాడు సరుకు ఓడలో పనికి కుదిరాడు, మూడోవాడు చేపల వేట మానలేదు.

మొదటివాడు శత్రువును కళ్లతో చూడకముందే న్యుమోనియా వచ్చి నౌకాదళ ఆసుపత్రిలో పోయాడనుకుందాం. అతని పేరు అధికారిక జాబితాలో ఉంటుంది. సాయుధదళాల్లో ఉన్నవారు సర్వీసులో ఉండగా నిర్ణీత తేదీల మధ్య మరణిస్తే చాలు, కారణంతో పనిలేదు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు ఆ గడువు వర్తిస్తుంది.

రెండోవాడు టార్పెడో దెబ్బకు పోతే అతని పేరూ ఉంటుంది. కానీ అదే మనిషి మంచు పేరుకున్న డెక్కు మీద కాలుజారి సముద్రంలో పడిపోతేనో, ఓడలోనే గుండె ఆగి పోతేనో పేరు ఉండకపోవచ్చు. వాణిజ్య నావికుడు చట్టం దృష్టిలో పౌరుడు కాబట్టి అతని మరణానికి యుద్ధమే కారణమని తేలాలి. మూడోవాడి పడవ సముద్రపు మైన్‌కు తగిలి పేలితే అతను యుద్ధమృతుడు. అదే పడవ ఆ మరుసటి వారం తుఫానులో మునిగితే కాదు.

అసలు కష్టం ఆచూకీ లేకుండా పోయిన ఓడలతో వస్తుంది. చలికాలపు అట్లాంటిక్‌లో బయలుదేరిన ఓడ గమ్యం చేరలేదు, ఆపద సందేశం ఏదీ అందలేదు, బతికి వచ్చినవారు లేరు. దాన్ని ముంచింది కెరటమా, టార్పెడోనా? ఈ ప్రశ్నకు గుమాస్తా కాగితం మీద ఏదో ఒక జవాబు రాయక తప్పదు, నలభై మంది పేర్లు స్మారకం మీదికి వెళ్తాయా లేదా అన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది.

తేదీల షరతు సంకుచితంగా ఉండి ఉంటే ఏం జరిగేదో చెప్పడానికి స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవి ఒక్కటే చాలు. మొదటి యుద్ధంలో కాల్పులు ఆగింది 1918 నవంబర్ 11న. నాలుగేళ్లు బతికి బయటపడ్డ ఆ దీవి నావికులు కొత్త సంవత్సరానికి ఇంటికి చేరాలని ఐయొలేర్ అనే ఓడ ఎక్కారు. 1919 జనవరి 1 తెల్లవారకముందే, స్టోర్నవే రేవు దీపాలు కనిపించేంత దగ్గరలో ఆ ఓడ రాళ్లకు కొట్టుకుని మునిగింది. 201 మంది మరణించారు. ఒడ్డు ఎంత దగ్గరంటే, తాడు పట్టుకుని ఈదిన ఒకతని సాయంతో పదుల కొద్దీ మనుషులు గట్టెక్కారు. రేవులో ఎదురుచూసినవారు తమ ఇళ్లకు శవాలను మోసుకెళ్లారు. యుద్ధం ముగిసిన ఏడు వారాలకు, శత్రువు ప్రమేయం లేకుండా జరిగిన ఈ మరణాలు యుద్ధమృతుల లెక్కలోకి వచ్చాయంటే అందుకు రెండు కారణాలు: వారు ఇంకా నౌకాదళంలోనే ఉన్నారు, గడువు 1921 దాకా ఉంది. అదే ఓడలో అదే రాత్రి వారు వాణిజ్య నావికులుగా ప్రయాణిస్తూ ఉంటే లెక్క మారిపోయేది. ఇంతటి దుఃఖానికి ఇంత సన్నని గీత నిర్ణాయకం కావడం నాకు మింగుడుపడదు, అయినా ఏదో ఒక గీత లేకుండా జాబితా తయారుకాదన్నదీ నిజమే.

యూనిఫాం లేనివారి సంగతి

వాణిజ్య నావికులను పౌరులుగా లెక్కించడాన్ని సమర్థించేవారి వాదన ఇది: సైనికుడు ఆజ్ఞకు కట్టుబడి ఉంటాడు, ఆయుధం పట్టి పోరాడతాడు, సైనిక శిక్షాస్మృతి కింద ఉంటాడు, సరుకు ఓడ నావికుడు కంపెనీతో ఒప్పందం చేసుకుని కూలికి పనిచేస్తాడు, ఒప్పందం ముగిశాక మరో ఓడ ఎక్కాలో మానాలో అతని ఇష్టం. ఎదుటి వాదన కూడా అంతే బలమైనది. తిండిగింజలు, చమురు, బొగ్గు, సైనికులు అన్నీ ఈ ఓడల మీదే కదిలాయి, శత్రువు గురిపెట్టింది ముఖ్యంగా ఈ ఓడలకే. పైగా 1941 తర్వాత బ్రిటన్‌లో వాణిజ్య నావికుల పని అత్యవసర సేవల ఉత్తర్వు పరిధిలోకి వచ్చాక ఇష్టం ఉంటే చేయడం, లేకుంటే మానడం అన్న స్వేచ్ఛ పెద్దగా మిగలలేదు.

మరణించినవారి విషయంలో బ్రిటన్ సాపేక్షంగా తొందరగానే కదిలింది. లండన్‌లోని టవర్ హిల్ స్మారకంలో మొదటి యుద్ధపు భాగం 1928లో, రెండో యుద్ధపు భాగం 1955లో ప్రారంభమయ్యాయి. మొదటిదానిలో దాదాపు 12,000, రెండోదానిలో దాదాపు 24,000 పేర్లున్నాయి. సముద్రం తప్ప వేరే సమాధి లేని వాణిజ్య నావికులూ జాలరులూ వీరు. అక్కడి పలకల ముందు నిలబడితే ఒక సంగతి కంటపడుతుంది. పేర్లను ఊరి ప్రకారమో, మరణించిన సంవత్సరం ప్రకారమో కాక ఓడ పేరు కింద కూర్చారు. ఒక పేరు కింద యాభై మంది ఉంటే మరో పేరు కింద ముగ్గురే ఉంటారు, ఆ ముగ్గురిదీ చిన్న చేపల పడవ అయి ఉంటుంది. రోజూ కలిసి తిని, కలిసి కాపలా కాసి, కలిసి పోయినవారు రాతి మీదా పక్కపక్కనే ఉంటారు. పుట్టిన ఊరు చెప్పకపోయినా, నావికుల సంగతి తెలిసినవారు వేసిన వరుస అది.

చేపలు పట్టేవారిలో కొందరి దారి ఇంకోలా ఉంది. పెద్ద వలలు లాగే ట్రాలర్లు మైన్లను ఏరివేయడానికి కూడా పనికొస్తాయని గుర్తించిన బ్రిటిష్ నౌకాదళం 1910లోనే ట్రాలర్ రిజర్వు విభాగాన్ని ఏర్పాటు చేసింది. రెండో యుద్ధంలో లోస్టాఫ్ట్ అనే తీరపట్టణం ఇలాంటి చిన్న ఓడల గస్తీ దళానికి కేంద్రమయింది. అక్కడి బెల్ వ్యూ పార్కులో 1953లో ప్రారంభమైన స్మారకం మీద సముద్రంలో కలిసిపోయిన సుమారు 2,400 మంది పేర్లున్నాయి. అదే పట్టణపు జాలరి నౌకాదళపు టోపీ పెట్టుకుని అదే ట్రాలర్ మీద పోతే లోస్టాఫ్ట్‌లో ఉంటాడు, టోపీ లేకుండా చేపలు పడుతూ మైన్ తగిలి పోతే లండన్‌లోని టవర్ హిల్‌లో ఉంటాడు.

బతికి వచ్చినవారి గుర్తింపు మాత్రం అన్ని దేశాల్లోనూ ఆలస్యమయింది. అమెరికా తన వాణిజ్య నావికులకు మాజీ సైనికుల హోదా ఇచ్చింది 1988లో, అదీ కోర్టు తీర్పు వచ్చాక. కెనడా చట్టం చేసింది 1992లో. బ్రిటన్ సెప్టెంబర్ 3ను వాణిజ్య నావికుల దినంగా పాటించడం 2000లో మొదలుపెట్టింది. 1939లో అదే రోజున ఎథీనియా అనే ప్రయాణికుల ఓడ జర్మన్ టార్పెడోకు బలయింది. జపాన్‌లో వాణిజ్య, మత్స్య నావికుల్లో సుమారు 60,000 మంది పోయారు. అక్కడ మరణాల నిష్పత్తి సైన్యంలో కంటే, నౌకాదళంలో కంటే కూడా ఎక్కువ. యోకొసుకాలోని కన్నొన్‌జాకి దగ్గర వారి స్మారకం లేచింది 1971లో.

అన్నిటికంటే బాధ కలిగించేది నార్వే కథ. ఆ దేశాన్ని జర్మనీ ఆక్రమించాక దాని వాణిజ్య నౌకలను నోర్ట్రాషిప్ అనే సంస్థ మిత్రపక్షాల తరఫున నడిపింది. నావికుల యుద్ధభత్యంలో కొంత భాగాన్ని చేతికివ్వకుండా ఒక నిధిలో జమచేశారు, యుద్ధం ముగిశాక అది తమకే వస్తుందని నావికులు నమ్మారు. యుద్ధానంతరం ప్రభుత్వం ఆ సొమ్మును వితంతువులకు, అవసరంలో ఉన్నవారికి సహాయంగా పంచాలని నిర్ణయించింది. నావికులు దావా వేసి 1954లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. చివరకు 1972లో పార్లమెంటు సముద్రం మీద గడిపిన ఒక్కో నెలకు 180 క్రోనర్ల చొప్పున ఇచ్చింది, 2013లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆ తరం చాలావరకు వెళ్లిపోయింది. ఇదే నార్వేలో స్టావెర్న్ అనే చిన్న తీరపట్టణంలో మరణించిన నావికుల పేర్లు చెక్కిన స్మారక మందిరం 1926 నుంచీ ఉందన్న సంగతి గమనిస్తే, పోయినవారిని గౌరవించడం, బతికి వచ్చినవారికి న్యాయం చేయడం రెండూ ఒకటి కావని అర్థమవుతుంది.

లస్కర్లు: ఓడకు చెందినవారు, ఏ ఊరికీ చెందనివారు

బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన భారత ఉపఖండపు నావికులను లస్కర్లు అనేవారు. రెండో యుద్ధం నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకల సిబ్బందిలో సుమారు నాలుగోవంతు వారే. డెక్కు మీద పనికి చిట్టగాంగ్, నోవాఖాలీ, కొంకణ్, గుజరాత్ ప్రాంతాలవారు, ఇంజను గదిలో బొగ్గు వేయడానికి ఎక్కువగా సిల్హెట్ వారు, వంట, వడ్డనకు గోవా వారు కుదిరేవారు. వీరిని పనికి కుదిర్చేదీ, ఓడ మీద అదుపులో ఉంచేదీ సారంగు, అతని కింద తండేలు. బ్రిటిష్ నావికుడికి ఇచ్చే జీతంలో చిన్న భాగమే వీరికి దక్కేది. 1939లో యుద్ధం రాగానే రేవుల్లో వీరు సమ్మెలు చేసి, జైళ్లకు వెళ్లి మరీ వేతనాలు పెంచుకోవలసి వచ్చింది. టార్పెడో సాధారణంగా తగిలేది ఓడ నడుముకు, నీటిమట్టానికి దిగువన. ఇంజను గదీ బాయిలర్లూ ఉండేది అక్కడే. పైకి రావడానికి ఉన్నవి ఇరుకైన ఇనుప నిచ్చెనలు. రెండో యుద్ధంలో సుమారు 6,600 మంది భారతీయ వాణిజ్య నావికులు మరణించారు.

వీరి పేర్లు టవర్ హిల్‌లో లేవు. 1940 సెప్టెంబర్ 17 రాత్రి పిల్లలను కెనడాకు తీసుకెళ్తూ అట్లాంటిక్‌లో మునిగిన సిటీ ఆఫ్ బెనారస్ ఓడనే తీసుకుంటే, ఆ చలిలో కెప్టెన్, బ్రిటిష్ సిబ్బంది, లస్కర్లు కలిసే మరణించారు. జాబితా దగ్గరికి వచ్చేసరికి విడిపోయారు. బ్రిటిష్ సిబ్బంది లండన్ రాతి మీదికి వెళ్తే లస్కర్ల పేర్లు ఒక పుస్తకంలోకి వెళ్లాయి. 1939-1945 కాలానికి బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాలు అని పిలిచేవి నిజానికి రాతి కట్టడాలు కావు, ఒకే రకమైన రెండు పేర్ల పుస్తకాలు. రాయల్ ఇండియన్ నేవీకి చెందిన 400 మంది, వాణిజ్య నౌకలకు చెందిన దాదాపు 6,000 మంది పేర్లు వాటిలో ఉన్నాయి. ఒక ప్రతి ముంబైలోని నావికుల వసతి గృహంలోనూ, మరొకటి చిట్టగాంగ్ యుద్ధశ్మశానంలోనూ ఉంచారు. మొదటి యుద్ధంలో పోయిన 2,000 మందికి పైగా నావికుల స్మారకం కూడా ముంబై మస్జిద్ బందర్‌లోని ఆ గృహంలోనే ఉంది. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున 1924లో ఆవిష్కరించిన లస్కర్ స్మారకం 896 మందికి అంకితం.

పుస్తకంలో రాసినా పేరు రాసినట్టే కదా అన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు, రాయి అరుగుతుంది, పుస్తకాన్ని తిరిగి అచ్చువేయవచ్చు. అయితే రాతిని దారిన పోయేవాడు చూస్తాడు, పుస్తకాన్ని వెతుక్కుని వెళ్లినవాడే చూస్తాడు. అంతకంటే లోతైన సమస్య ఊరిది. తీరపట్టణపు స్థూపం అనే భావన, నావికుడు ఆ పట్టణంవాడే అన్న ఊహ మీద నిలబడింది. సిల్హెట్ సముద్రానికి ఎంతో దూరం. ముంబై, చిట్టగాంగ్, కోల్‌కతా లస్కర్‌కు పనిలోకి ఎక్కిన రేవులే తప్ప సొంత ఊళ్లు కావు. సొంత పల్లెలో కుటుంబానికి కంపెనీ కబురు చేరి ఉంటే చేరింది, అక్కడ చందాలు పోగుచేసి స్థూపం కట్టే కమిటీ లేదు. దేశ విభజన తర్వాత ఆ పల్లెలు భారత, పాకిస్తాన్, ఆపైన బంగ్లాదేశ్‌ల మధ్య చెదిరిపోయాయి. వలసపాలకుడి యుద్ధంలో కూలికి పోయినవారిని తమ జాతీయ కథలో ఎక్కడ ఇమడ్చాలో ఆ మూడు దేశాలకూ తోచలేదు. వారిని పాలకుల సేవకులుగా చూసేవారూ, పొట్టకూటి కోసం ప్రాణం పణంగా పెట్టిన శ్రామికులుగా చూసేవారూ ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు నాకు రెండో చూపే న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే సమ్మెకు దిగి జైలుకెళ్లిన మనిషిని ఎవరి విధేయుడని అంటాం?

ఈ గీతలు మన తీరానికీ కొత్తవి కావు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజుల్లో బంగాళాఖాతంలో జపాన్ నౌకలు 20కి పైగా వాణిజ్య ఓడలను ముంచాయి. అలాంటి దాడిలో రేవులో నిలిచిన ఓడ డెక్కు మీద ఒకడు, దానికి ఆనుకున్న గట్టు మీద మూటలు దించుతున్న కళాసీ ఒకడు ఒకే బాంబుకు పోయారనుకుంటే, మొదటివాడికి నావికుల జాబితాలో చోటుంది. రెండోవాడు సైనికుడూ కాడు, నావికుడూ కాడు. ఇద్దరి మధ్య దూరం ఒక చెక్క వంతెన.

శత్రువు నావికుడు, మునిగిన ఓడ

విశాఖ తీరంలోనే ఇంకో ప్రశ్న కూడా నీటి అడుగున ఉంది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడ మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన పేలుడు పదార్థాల వల్లే మునిగిందని భారత్ అంటుంది, లోపలి పేలుడో సొంత మైనో కారణమని పాకిస్తాన్ అంటుంది. అందులోని సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. బీచ్ రోడ్డులో నౌకాదళ విజయానికి స్మారకం ఉంది. ఓడిన పక్షపు నావికుల సమాధి కూడా అదే సముద్రంలో ఉంది. జర్మనీలో కీల్ దగ్గరి లాబో స్మారకాన్ని 1936లో ఆ దేశ నౌకాదళ మృతుల కోసమే ప్రారంభించారు, 1954లో దాన్ని అన్ని దేశాల నావికులకూ అంకితం చేశారు. అలాంటి అంకితం శత్రుత్వాన్ని చెరిపేస్తుందని అభ్యంతరపడేవారూ, సముద్రంలో పోయిన మనిషికి ఇక పక్షం ఉండదనేవారూ రెండు వైపులా ఉన్నారు.

మునిగిన ఓడను సమాధిగా చూడడం కూడా వివాదానికి అతీతం కాదు. బ్రిటన్ 1986 నాటి చట్టంతో కొన్ని యుద్ధనౌకల శిథిలాలకు రక్షణ కల్పించింది. కానీ ఒక దేశపు చట్టం మరో దేశపు జలాల్లో పెద్దగా పనిచేయదు. జావా సముద్రంలో 1942లో మునిగిన డచ్ యుద్ధనౌకలు ఉండవలసిన చోట లేవని 2016లో తేలింది. పాత ఇనుము కోసం వాటిని ముక్కలు చేసి పట్టుకుపోయారు.

పాత రాతి మీద కొత్త పేరు

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ నియమించిన ప్రత్యేక సంఘం 2021లో ఇచ్చిన నివేదిక ఈ చర్చను మళ్లీ రగిలించింది. మొదటి యుద్ధంలో మరణించిన భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లలో 45,000 నుంచి 54,000 మందిని ఇతరులతో సమానంగా స్మరించలేదని, ఇంకా కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరించలేదని లేదా అసలే స్మరించలేదని ఆ నివేదిక తేల్చింది. ఇవి నావికుల లెక్కలు మాత్రమే కావు, అన్ని సేవలవీ కలిపినవి. హోదా, జాతి, మతం చూడకూడదన్న మూలసూత్రానికీ ఆచరణకూ మధ్య ఇంత దూరముందని ఆ సంస్థ తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత 2025 జనవరిలో కేప్‌టౌన్‌లో ప్రారంభమైన స్మారకం మీద, మొదటి యుద్ధంలో కార్మిక దళాల్లో పోయిన 1,700 మందికి పైగా నల్లజాతి దక్షిణాఫ్రికన్ల పేర్లు చేరాయి.

ఊరి స్థూపాల విషయంలో ఏకాభిప్రాయం రాలేదు. పాత రాయి తనంతట తానొక చారిత్రక పత్రమని, అప్పటి సమాజం ఎవరిని తనవారనుకుందో, ఎవరిని అనుకోలేదో అది చెబుతుందని, ఇప్పుడు దిద్దితే ఆ సాక్ష్యం పోతుందని కొందరు చరిత్రకారులు అంటారు. వారు సూచించేది పక్కన వేరే పలక పెట్టడం. పక్క పలక అంటే మళ్లీ పక్కన పెట్టడమేనని, తోటివారి వరుసలోనే చోటివ్వాలని కుటుంబాలు అంటాయి. తొలి కమిటీ విడిచిపెట్టిన పేర్లలో కొన్ని కుటుంబాలే వద్దన్నవీ ఉంటాయి. కొడుకు పోయాడని ఒప్పుకోవడం ఇష్టంలేని తల్లి రాతి మీద పేరు చెక్కనిచ్చేది కాదు. అలాంటి పేరును వందేళ్ల తర్వాత చేర్చడం ఆమె మాటను తోసివేయడమా, ఆమె కొడుకుకు న్యాయం చేయడమా అన్నదానికి సూటి జవాబు లేదు.

పేర్లు దొరికే చోటు మాత్రం క్రమంగా విశాలమవుతోంది. బ్రిటిష్ ఓడలు ప్రతి ప్రయాణానికీ రాసి దాఖలు చేసిన సిబ్బంది ఒప్పందాల్లో మనిషి పేరు, వయసు, పుట్టిన చోటు, ఇంతకుముందు పనిచేసిన ఓడ, ఓడ దిగిన తేదీ, కారణం అనే గడులుంటాయి. మునిగిన ఓడల పత్రాల్లో ఆ చివరి గడిలో వరుసగా ఒకే మాట కిందిదాకా కనిపిస్తుంది. 1863 నుంచి 1938 వరకు ఉన్న ఈ పత్రాల్లో అత్యధిక భాగం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయపు భాండాగారంలో ఉంది. 1915 సంవత్సరానివి ఇప్పటికే ఇంటర్నెట్‌లో వెతకడానికి వీలుగా ఉన్నాయి. లస్కర్లకు మాత్రం వేరే ఒప్పంద పత్రాలుండేవి. వారి పేర్లను విన్నట్టుగా ఇంగ్లీషులో రాసుకున్నారు. ఒకే మనిషి మూడు ఓడల్లో మూడు రకాల అక్షరాలతో కనిపిస్తాడు. తండ్రి పేరూ పల్లె పేరూ సరిపోల్చి, ఆ ముగ్గురూ ఒక్కడేనని తేల్చే పని సిల్హెట్, రత్నగిరి పల్లెల మాటతీరు, పేర్ల వరస తెలిసినవారే చేయగలరు.